దుప్పటి రెండో కొస

ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీకి అడ్డంగా ఎర్ర టేపు అతికించారు, అక్కడ కూర్చోకూడదని, అందుకే పిన్నికీ నాకూ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది, దానివైపు చూడకుండా ఉండాలని నేను తలుపుకేసి చూస్తున్నాను, తలుపు మీద "పిలిచేవరకు లోపలికి రావద్దు" అని రాసి ఉంది, పిలవకుండా లోపలికి వెళ్లేంత సరదా ఇక్కడ ఎవరికుంది. పిన్ని అంటే పొడుగు వాళ్లమ్మ. పొడుగంటే నా జత, లాండ్రీలో దుప్పటికి రెండో కొస పట్టుకునే మనిషి, పట్టుకునే అనకూడదు ఇప్పుడు, పట్టుకున్న అనాలి, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు, అలవాటు కావాలని కూడా లేదు. లోపల కంపెనీ మనిషి పరిహారం సంగతి తేల్చే ఆఫీసరమ్మతో మాట్లాడుతున్నాడు. అది అయ్యాక మమ్మల్నిద్దర్నీ పిలుస్తారు, పిలిచి నన్ను ఒకే ఒక్క మాట అడుగుతారు, నీకు జ్వరం వచ్చిన వారం నువ్వు పనికి వచ్చావా అని. రాలేదు. మంచం మీంచి లేవలేదు, మేడమీద ఇంటావిడ మెట్ల మీద గిన్నె పెట్టి, తలుపు కొట్టి, దెయ్యం తరుముతున్నట్టు పైకి పరిగెత్తేది, ఆవిణ్ణి అడిగినా చెబుతుంది. ఇదీ నిజం, చెప్పడానికి ఒక్క ముక్క, దీనికి ఇంత ఆలోచన ఎందుకు అని మా ఆయన పొద్దున అడిగాడు, ఆయనకేం, ఆయన ఆ దుప్పటి ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఏమ్మాయ్, ఏమైనా తిన్నావా? మొహం పీక్కుపోయింది," అంటోంది పిన్ని, మాస్కు లోపల్నుంచి గొంతు దూరంగా వినిపిస్తోంది. తిన్నాను పిన్నీ అన్నాను, తినలేదు, చూడు, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో, చిన్న అబద్ధాలకి నా నోరు నూనె రాసినట్టు తిరుగుతుంది, పెద్దదే గొంతుకి అడ్డం పడుతోంది. ఆవిడ సంచిలోంచి నీళ్ల సీసా తీసి టేపు కుర్చీ మీద పెట్టి, తీసుకో, నేనింకా నోరు పెట్టలేదులే అంది. కూతురి కళ్లే ఈవిడవి, మాస్కు వల్ల మొహంలో ఆ కళ్లు తప్ప ఇంకేం కనపడటం లేదు, నాకు మాత్రం శిక్షలా ఉంది.

మా పని పెద్దాసుపత్రి బట్టలు. ఉతికేది యంత్రాలు, ఆరబెట్టేదీ యంత్రాలే, మడత మాత్రం మనుషులే పెట్టాలి, అందులోనూ ఇద్దరు, ఒక్క మనిషి మడిచిన పెద్ద దుప్పటి ఒంటరి మనిషి వండుకున్న వంటలా ఉంటుంది, పని జరుగుతుంది కానీ చూడబుద్ధి కాదు. ఏ బుద్ధిమంతుడు కలిపాడో మమ్మల్ని, నేనేమో ఇంత, అదేమో అంత, మొదట్లో దుప్పటి దాని వైపు మేడ, నా వైపు పల్లం. అది మోకాళ్లు వంచేది, నేను మునివేళ్ల మీద లేచేదాన్ని, కొన్నాళ్లకి ఎవరు వంగుతున్నారో ఎవరు లేస్తున్నారో మాకే తెలియకుండా పోయింది. గట్టిగా విదిలించాలి, కొసలు కలపాలి, ఒకరికొకరు ఎదురు నడవాలి, నా కొసలు దాని వేళ్ల మధ్య పెట్టేసి నేను వంగి కింది మడత అందుకోవాలి, మళ్లీ వెనక్కి, మళ్లీ దగ్గరకి. మా కబుర్లన్నీ ఆ నడకలోనే, ముక్కలు ముక్కలుగా, దగ్గరకొచ్చి "నిన్న మా ఆయన" అని నేనంటే, వెనక్కెళ్లి మళ్లీ వచ్చేసరికి "ఏం వెలగబెట్టాడు" అని అదనేది, ఒక కథ చెప్పడానికి ఒక బండి దుప్పట్లు పట్టేది. జబ్బు రోజులొచ్చాక సూపర్‌వైజర్ సారు గాజుగది లోపల్నుంచే అరిచాడు, ఇద్దరి మధ్యా దూరం ఉండాలి, దగ్గరకి రావద్దు అని. పొడుగు రెండు చేతులూ చాచి దుప్పటి పట్టుకుని, "అయితే ఇదెలా మడవాలో మీరొకసారి వచ్చి చూపించండి సార్" అంది, ఆయన రాలేదు. నవ్వలేక చచ్చాం ఆ రోజు. చచ్చాం అంటున్నాను, ఎంత తేలిగ్గా వాడేవాళ్లం ఆ మాట.

పిన్నికి ఏమీ తెలియదు. దానికి తెలిసిందేదీ వాళ్లమ్మకి చెప్పేది కాదు, మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదే, కుళాయి దగ్గర చెప్పి వచ్చి అప్పుడు కాళ్లు కడుక్కుంటుంది అనేది. అందుకే బిళ్లల సంగతి ఈవిడకి తెలియదు. లాండ్రీ గుమ్మం లోపల ఒక చెక్క బోర్డు, దానికి రెండు వైపులా మేకులు, ఎవరి అంకె వాళ్ల ఇత్తడి బిళ్ల మీద ఉంటుంది, వచ్చినవాళ్లు ఆ వైపు మేకు నుంచి తీసి ఈ వైపు మేకుకి తగిలించాలి, సారు గాజుగదిలోంచి చూసి రాసుకుంటాడు, మనిషిని చూడడు, బిళ్లని చూస్తాడు. ఒక పూట ఆలస్యమైతే కోత, ఒంట్లో బాగోలేక రాకపోతే పూర్తిగా కోత, సెలవుకి జీతం అనేది ఆఫీసుల్లో మేజాల ముందు కూర్చునేవాళ్లకి ఉంటుందని వినేవాళ్లం. అందుకని మాలో ఒక పద్ధతి, జతలో ముందొచ్చినవాళ్లు రెండు బిళ్లలూ తగిలిస్తారు. రెండో మనిషి ఆలస్యమైనా సరే, అసలు రాకపోయినా సరే, ఉన్న మనిషి ట్రాలీ కడ్డీకి ఒక కొస ముడేసి ఇద్దరి మడతలూ ఒక్కతే మడిచేస్తుంది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరూ చేసేదే. నా కడుపు పోయినప్పుడు నా బిళ్ల అదే తగిలించింది, దాని కూతురికి తట్టు పోసినప్పుడు దాని బిళ్ల నేను తగిలించాను. థాంక్స్ చెప్పుకునేవాళ్లం కాదు, చెబితే తిట్టుకునేవాళ్లం. ఇందులో మోసం ఎక్కడుందో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు, పని ఆగలేదు కదా, దుప్పట్లన్నీ మడిచే ఉన్నాయి కదా.

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. పిలుస్తారేమో. లేదు, నవ్వు వినిపించింది, ఆ నవ్వు కంపెనీ మనిషిది. పొద్దున గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, చేతిలో సీసాలోంచి చేతులకి రాసుకునే మందు నాకు కూడా పోసి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు, చూడమ్మా, నువ్వు రాలేదని మాకు తెలుసు, బిళ్ల ఆవిడే పెట్టిందని కూడా తెలుసు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, నీ సెలవు జీతం మొత్తం వస్తుంది, నీ ఉద్యోగానికి ఢోకా లేదు, లేదూ జ్వరంతో వచ్చానంటావా, ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు. ఇన్నేళ్లలో కంపెనీ నన్ను నిజం చెప్పమని అడగడం ఇదే మొదటిసారి. చేతి తొడుగులు చిరిగిపోయాయని చెప్పినప్పుడు అక్కర్లేకపోయింది నిజం, మాసిన బట్టలు విప్పే మురికి గదిలో గాలి ఆడటం లేదని చెప్పినప్పుడు అక్కర్లేకపోయింది, ఇవాళ మాత్రం నిజం ఎంత ముద్దొస్తోందో వాళ్లకి. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ సరే సార్ అన్నాను, నా నోరు అంతే, మండేది లోపలే.

ఎందుకు ముద్దొస్తోందో మా కార్మిక సంఘం పెద్దాయన ఫోన్‌లో చెప్పాడు, నేను వేరే ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగితే. పనిచోట జబ్బు అంటుకుని పోయినట్టు తేలితేనే ఇంట్లోవాళ్లకి కంపెనీ పరిహారం ఇవ్వాలమ్మా, పిల్లకి పెళ్లయ్యే వయసు వరకూ నెలనెలా ఇవ్వాలి. బట్టల వల్ల అంటుకుందంటే వాళ్లు ఒప్పుకోరు, మాసిన బట్టల సంచులు మందులో ముంచాకే వస్తాయంటారు, నువ్వు కాదని నిరూపించలేవు. కానీ పక్కన పనిచేసే మనిషికి అప్పటికే జబ్బుండి, ఆ మనిషి ఆ రోజుల్లో పనికొచ్చి ఉంటే మాత్రం ఇక కాదనలేరు అన్నాడు. పక్కన పనిచేసే మనిషిని నేను. జబ్బున్న మనిషినీ నేనే. ఆ రోజుల్లో పనికొచ్చింది నా బిళ్ల ఒక్కటే.

ఆ పొద్దున జ్వరం నాకు చెప్పి రాలేదు, సబ్బు వాసన తెలియడం లేదని ముందు అనుకున్నాను, తర్వాత కాళ్లు. అప్పటికే సగం మందిని ఇంట్లో కూర్చోబెట్టారు, ఉద్యోగం తీసెయ్యం, పని ఇవ్వం, సగం జీతం ఇస్తాం అని. మా ఆయనదీ అదే వరస, ఆయన పనిచేసే కాంటీన్ మూసేసి ఇంటికి పంపేశారు, ఇంట్లో ఉన్న నాలుగు గరిటెలూ రోజూ తోమి వరసగా పెట్టేవాడు, పాపం, నవ్వొచ్చేది, తర్వాత నవ్వు రావడం మానేసింది. మమ్మల్ని మాత్రం ఆపలేదు, ఆసుపత్రి ఆగితే కదా మేం ఆగేది. నేను దానికి ఫోన్ చేసి, ఇదీ సంగతి, సారుకి చెప్పవే అన్నాను. మధ్యాహ్నం అదే ఫోన్ చేసింది, నవ్వుతూనే మొదలుపెట్టింది, "పొట్టీ, కొంప ముంచానే" అని. పొద్దున గుమ్మంలోకి రాగానే దాని చెయ్యి దాని దారిన అది రెండు బిళ్లలూ తగిలించేసింది, నాకు జ్వరమని బుర్రలో ఉంది, చేతికి తెలియదు కదా, జ్వరమంటే బిళ్ల తగిలించాలనే దాని చేతికి తెలుసు. తగిలించి, చేతులు కడుక్కుని, వెనక్కి తిరిగితే బోర్డు పక్కన కొత్త కాగితం, ఆ పొద్దునే అతికించారట, జ్వరం వచ్చినవాళ్లు ఇంట్లోనే ఉండాలి, పూర్తి జీతం ఇవ్వబడును, జబ్బు దాచి పనికి వచ్చిన వారు తొలగించబడుదురు. అది చదివేసరికి సారు రాసేసుకున్నాడు. తీసి అవతల పెట్టెయ్యవే అన్నాను, ఎవరు పెట్టారని అడిగితే ఏం చెప్పనే, రేపు మానేసినా ఇవాళ జబ్బు దాచి వచ్చావంటారు, ఇద్దరమూ పోతాం, నాలుగు రోజులు లాగేస్తాలే, నువ్వు పడుకో, ట్రాలీ నీకంటే నయం, కబుర్లు చెప్పమని పీకదు అంది. నేను ఊఁ అన్నానో అనలేదో, జ్వరంలో గుర్తు లేదు.

హక్కంటారు దాన్ని, సంఘం పెద్దాయన గర్వంగా చెప్పాడు, పోరాడి సాధించాం, జబ్బు చేస్తే జీతంతో ఇంట్లో ఉండే హక్కు. సాధించారు, సంతోషం. ఒక్క రోజు ముందు అతికించి ఉంటే దాని చెయ్యి ఆగేదా? ఆగేది కాదేమో. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మేం ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు, ఒకళ్ల కడుపు ఒకళ్లం కాపాడుకోవడం ఒక్కటే వచ్చు మాకు. నేను వచ్చినట్టే లెక్క కాబట్టి నా బదులు ఇంకో మనిషిని పంపలేదు. సగం మంది లేరు కాబట్టి మడతపెట్టేవాళ్లే మురికి గదిలో సంచులు కూడా విప్పాలన్నారు, ఇద్దరికీ వంతులేశారు. నా వంతు సంచులు కూడా అదే విప్పింది. అదొక్కటే, ఆ చిరిగిన తొడుగులతో. ఇది నాకు తర్వాత తెలిసింది, అది పోయాక, ఇస్త్రీ చేసే ఆవిడ చెబితే, అందరూ టోపీలు మాస్కులు వేసుకుని ఉన్నారు కదా, నువ్వు కూడా లోపలే ఉన్నావనుకున్నాం, ఎంత పని చేశారే ఇద్దరూ అంది. ఇద్దరూ.

ఒసే పొడుగూ, నిన్నెవరు చెయ్యమన్నారే. నాకు నీ మీద కోపంగా ఉంది, పోయినవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదంటారు, నాకు వస్తోంది, నేనేం చెయ్యను. ఒక్క మాట, సార్ అది రాలేదు సార్, పొరపాటున తగిలించాను అంటే ఏమయ్యేది, తిట్టేవాడు, మహా అయితే కొన్నాళ్లు పని పోయేది, పని పోతే ఇంకో పని, నువ్వు పోతే ఇంకో నువ్వు ఎక్కణ్ణించి తేను. నీకు జ్వరమొచ్చిన రోజు కూడా నాకు ఫోన్ చేసి ముందు నా సంగతే అడిగావు, వాసన తెలుస్తోందా అని, తెలుస్తోందే అన్నాను, అయితే మా ఆయన చెప్పుల వాసన పంపిస్తా చూడు అన్నావు, ఆ మనిషి ఇల్లు వదిలేసి ఏళ్లయింది, ఆ చెప్పులు ఇంకా గుమ్మంలో ఉంచావు మొగదిక్కు ఉందనుకోవాలని, నవ్వి దగ్గు పట్టుకుని ఫోన్ పెట్టేశావు. మళ్లీ నీ గొంతు వినలేదు. ఆసుపత్రిలో చేర్చారని పిన్ని చెప్పింది, ఏ ఆసుపత్రి, మనం మడిచే ఆసుపత్రే. మన మడతల్లో ఏదో ఒకటి విప్పి నీ కింద పరిచి ఉంటారు. చూడటానికి ఎవర్నీ రానివ్వలేదు, చివరికి కూడా దూరం నుంచి, మూటలా కట్టేసి, ఇంత పొడుగు మనిషివి, నువ్వేనా అని పిన్ని అడుగుతూనే ఉంది, నువ్వేనని చెప్పడానికి ఆ పొడుగొక్కటే కనిపించింది.

మా ఆయన చెప్పేదీ తప్పేం కాదు. నీ ఉద్యోగం పోతే మనం ఏం తింటాం, నా సగం జీతం కూడా ఈ నెల రాలేదు, ఆవిడ మంచిదే, నేను కాదన్నానా, కానీ చేసింది ఆవిడే కదా, నువ్వు ఇంట్లో పడున్నావు, ఆ పడున్న మాటే చెప్పు, నిజం చెప్పినవాళ్లకి ఎప్పుడూ చెడు జరగదు అన్నాడు. ఆ చివరి మాటకి ఆయనకే నమ్మకం లేక కిటికీ వైపు తిరిగాడు. నిజం చెబితే పొడుగు దొంగ హాజరు వేసిన మనిషవుతుంది, పనిచోట జబ్బు మనిషి ఎవరూ లేరని తేలుతుంది, బజార్లో ఎక్కడో అంటించుకుందంటారు, ఆ పిల్లకి చిల్లిగవ్వ రాదు, పిన్ని ఈ వయసులో మళ్లీ నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది. అబద్ధం చెబితే నాకు సెలవు జీతం లేదు, ఉద్యోగమూ లేదు, ఆ రెండూ పోతే పోయాయి, ఏదో ఒక సందులో ఏదో ఒక గిన్నె దొరక్కపోదు. కానీ జబ్బు తెచ్చి దాన్ని చంపిన మనిషినవుతాను. అది కాగితం మీద ఉంటే పర్లేదు, నేను కాగితాలు చదువుతూ కూర్చునే రకం కాదు. అది ఈవిడ కళ్లలో ఉంటుంది. పిన్నికి చెవిలో చెప్పెయ్యనా ఇప్పుడే, పిన్నీ, నేను లోపల అబద్ధం చెబుతాను, నమ్మకు అని, చెబితే ఇవాళ సాయంత్రానికి కుళాయి దగ్గరికి చేరుతుంది, రేపటికి కంపెనీకి. చెప్పడానికి లేదు. ఇవాళే కాదు, ఎప్పటికీ లేదు, ఆ పిల్లకి పెళ్లి వయసు వచ్చేవరకూ లేదు, అంతవరకూ పిన్ని ఉంటుందా.

"నీళ్లు తాగమ్మాయ్, అలాగే పెట్టుకున్నావు," అంది పిన్ని. తాగాను. మాస్కు దించి తాగుతుంటే ఆవిడ నా మొహం చూసి కళ్లతోనే నవ్వింది, అది నీ గురించే చెప్పేదమ్మా ఎప్పుడూ, మా పొట్టి లేకపోతే నాకు చేతులు ఆడవే అనేది అంది. వద్దు పిన్నీ, ఇప్పుడు నన్ను మెచ్చుకోకు. సీసా మూత పెట్టడం చేతకాలేదు నాకు, ఆవిడే అందుకుని బిగించింది.

తలుపు తెరిచి పిలిచారు. గది చిన్నది, కిటికీలు తెరిచి ఉన్నాయి, ఆఫీసరమ్మకి నిద్ర లేదని కళ్ల కింద తెలుస్తోంది, మంచావిడలాగే ఉంది, కూర్చోండి అంది. కంపెనీ మనిషి నావైపు చూసి తల ఊపాడు, కానివ్వు అన్నట్టు. పిన్నిని నా పక్కనే కొంచెం ఎడంగా కూర్చోబెట్టారు. ఆవిడ చీర కొంగు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. ఆఫీసరమ్మ కాగితాలు చూసి, తల ఎత్తి అడిగింది.

"మీకు జ్వరం మొదలైన వారం మీరు పనికి వచ్చారా?"

నాకు భయమేస్తోంది. ఇంత భయం జ్వరంలో కూడా వెయ్యలేదు, ఊపిరాడని రాత్రి కూడా. ఎవరైనా ఆపితే బాగుండు, కంపెనీ మనిషి ఏదో అంటే బాగుండు, కరెంటు పోతే బాగుండు. పిన్ని నావైపు తిరిగి ధైర్యంగా చెప్పు అన్నట్టు చూస్తోంది, నేను దాని గురించి మంచిగా చెబుతాననుకుంటోంది, ఆవిడకి తెలిసిన పొట్టి ఈ క్షణం వరకే, ఈ క్షణాన్ని ఇంకొంచెం లాగాలని ఉంది.

"వచ్చానండి."

"జ్వరంతోనే?"

"జ్వరంతోనే."

"ఇంట్లో ఉండమని బోర్డు పక్కన అతికించారు. చదవలేదా?"

"చదివానండి. జీతం కోస్తారని భయపడి వచ్చాను. అదీ నేనూ ఒకే దుప్పటి పట్టుకున్నాం, రోజంతా."

కంపెనీ మనిషి లేచాడు, ఇదంతా అబద్ధమండీ, ఈవిడ రాలేదు అన్నాడు. రాలేదని మీ దగ్గర ఏముంది, బిళ్ల వచ్చినట్టే ఉందని మీరే రాశారు కదా అంది ఆఫీసరమ్మ, అని రాసుకుంది. రాస్తూ నావైపు ఒకసారి చూసింది, ఆ చూపు నాకు అర్థం కాలేదు. నేను పక్కకి చూడలేదు. పక్కన ఊపిరి మారడం వినిపించింది, అంతే. సంతకం పెట్టమన్న చోట పెట్టాను.

బయటికొచ్చాం. వరండాలో పిన్ని నాకు ముందు నడుస్తోంది, ఈ వయసులో ఆవిడ అంత గబగబా నడవడం నేను చూడలేదు. నేను వెనకాల, ఎంత వెనకాల ఉండాలో తెలియక. మెట్ల దగ్గర ఆవిడ ఆగింది, కటకటాలు పట్టుకుని నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. ఆవిడ మాస్కు పూర్తిగా కిందికి లాగేసుకుంది.

"నా కూతురు నీకేం చేసిందే?" అంది.

ఆవిడ నిజంగానే అడిగింది, జవాబు కోసం నిలబడింది.

"ఏమీ చెయ్యలేదు పిన్నీ," అన్నాను.